బొమ్మను స్కాన్ చేస్తారు సరే, మరి తోలు?

తోలుబొమ్మను 1200 డీపీఐలో స్కాన్ చేసి సర్వర్లో పెట్టేస్తే బొమ్మ భద్రంగా ఉన్నట్టేనా? నా లెక్కలో కాదు. ఎందుకు కాదో కాస్త వివరంగా రాద్దామని కూర్చున్నాను. మేకతోలు, మైక్రోస్కోపు, ఎఫ్ఎఫ్‌టీ అన్నీ వస్తాయి. ఓపిగ్గా చదవండి :)

సందర్భం ఏంటంటే, మా మిత్రబృందం ఒకటి తోలుబొమ్మలను డిజిటైజ్ చేయడానికి చందాలు పోగు చేస్తోంది. అందరం సాఫ్టువేరు వాళ్ళమే, అందరం అనంతపురం వైపు వాళ్ళమే. మంచి పని. నా వాటా నేనూ ఇచ్చాను. కానీ వాళ్ళు పంపిన ప్రణాళికలో "ఒక్కసారి స్కాన్ చేస్తే ఇక శాశ్వతం" అని ఒక వాక్యం ఉంది. నా పేచీ అంతా ఆ ఒక్క వాక్యంతోనే.

మాది బత్తలపల్లె. ఆ పేరు చెప్తే చాలామందికి ఆర్డీటీ ఆసుపత్రి గుర్తొస్తుంది, లేకపోతే అక్కడే సమాధి అయిన విన్సెంట్ ఫెర్రర్ గుర్తొస్తాడు. 2022 నుంచి మా జిల్లా పేరు శ్రీ సత్యసాయి జిల్లా, మా నోటికి మాత్రం ఇంకా అనంతపురమే. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే ఆ ఏడు బాగున్నట్టు. ఇలాంటి చోట పంట ఎగ్గొట్టినా మేక ఎగ్గొట్టదు. మేకలు ఉన్నచోట తోళ్ళుంటాయి. మా పక్కనే ధర్మవరం మండలంలో నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలకు దేశమంతా తెలిసిన ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఈ ఊరి పేరు పేపర్లలో కూడా బాగానే పడింది.

ముందు ఒక తేడా చెప్పాలి. మనం కాళ్ళకు వేసుకునే చెప్పు తోలు వేరు, బొమ్మ తోలు వేరు. చెప్పు తోలును తంగేడు చెక్కతోనో క్రోమియం ఉప్పుతోనో పదును చేస్తారు. అంటే తోలులోని నారలను ఒకదానికొకటి రసాయనంతో కట్టిపడేస్తారు. బొమ్మ తోలుకు ఆ పని చెయ్యరు. నానబెట్టి, వెంట్రుకలు తీసి, గీకి, లాగి కట్టి ఎండబెడతారు. అందుకే వెలుతురు లోపలినుంచి దూసుకొస్తుంది, తెర మీద రాముడు ఎర్రగా పచ్చగా మెరుస్తాడు. యూరప్ వాళ్ళు వందల ఏళ్ళు పుస్తకాలు రాసుకున్న పార్చ్‌మెంటు కూడా దాదాపు ఇలాంటిదే. ఇంకోలా చెప్పాలంటే, తోలుబొమ్మ అంటే రంగులు వేసిన కొల్లాజెన్ పలక. పదును చెయ్యలేదు కాబట్టి దానికి రక్షణ కూడా తక్కువ. తడిలో వేడి తగిలిందంటే చెప్పుకంటే ముందు చచ్చేది బొమ్మే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కొల్లాజెన్ అణువు మూడు పేటల తాడు. పొడవు దాదాపు 300 నానోమీటర్లు, మందం ఒకటిన్నర. ఈ తాళ్ళు పక్కపక్కన పేర్చుకుంటే ఒక నార అవుతుంది, దాన్నే ఫైబ్రిల్ అంటారు. పేర్చుకోవడంలోనే ఉంది తమాషా. అన్నీ ఒకే గీత దగ్గర మొదలవ్వవు. ఇటుక గోడ కట్టేటప్పుడు వరసకు వరసకు ఇటుక జరుపుతాం కదా, అలా ఒక్కో తాడు పక్కదానికంటే 67 నానోమీటర్లు జరిగి కూర్చుంటుంది. 300ని 67తో భాగించి చూడండి. నాలుగున్నరకు కాస్త తక్కువ వస్తుంది, నిండు సంఖ్య రాదు. అలా నిండు సంఖ్య రాకపోవడం వల్లే ఒక తాడు చివరకీ దాని ముందున్న తాడు మొదలుకీ మధ్య ఖాళీ మిగులుతుంది. నార పొడవునా సుమారు 36 నానోమీటర్ల ఖాళీ పట్టీ, 31 నానోమీటర్ల నిండు పట్టీ, మళ్ళీ ఖాళీ, మళ్ళీ నిండు. 1963లో హాడ్జ్, పెట్రస్కా అనే ఇద్దరు ఈ లెక్క తేల్చారు. అంతకు ముందే, 1942లో, అమెరికాలో ఎంఐటీలో హాల్, జేకస్, ష్మిట్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఆ చారలను చూశారు.

మనవాళ్ళ పాత్ర ఏంటని అడిగేవాళ్ళ కోసం ఒక పిట్టకథ. ఆ మూడు పేటల తాడు అల్లిక ఎలా ఉంటుందో 1954లో నేచర్ పత్రికలో ప్రతిపాదించింది మద్రాసు విశ్వవిద్యాలయంలోని జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. ఎక్స్-రే తీయడానికి వాళ్ళకు కంగారూ తోక స్నాయువు ఇచ్చింది దగ్గర్లోనే ఉన్న కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ. ఆ సంస్థకు 1958 నుంచి 1971 వరకు డైరెక్టరు మన యలవర్తి నాయుడమ్మ గారు, తెనాలి దగ్గర యలవర్రు మనిషి. 1985లో కనిష్క విమానం పేలుడులో పోయారు. తోలు అంటే ముక్కు మూసుకునే దేశంలో తోలును సైన్సు చేసి నిలబెట్టిన మనిషి. ఆయన మీద ఎంత రాసినా తక్కువే, ఇంకోసారి చూద్దాం.

సరే, ఆ 67ని కొలవడం ఎలా? ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో అయితే నారలను పల్చగా పరిచి, బరువైన లోహపు ఉప్పుతో రంగు పట్టించి, గాలి లేని గదిలో పెట్టి చూస్తారు. రంగు ఖాళీ పట్టీల్లోకి ఎక్కువగా దిగుతుంది, అవి నల్లగా కనిపిస్తాయి. రెండో దారి ఏఎఫ్ఎం, అంటే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు, 1986 నాటిది. ఇది చూడదు, తడుముతుంది. గ్రామఫోను ముల్లు రికార్డు గాడిలో ఎక్కి దిగినట్టు, పది నానోమీటర్ల మొన ఉన్న ముల్లు నార మీద ఎక్కుతూ దిగుతూ పోతుంది. ఖాళీ పట్టీ దగ్గర కొద్ది నానోమీటర్లు దిగుతుంది, నిండు పట్టీ దగ్గర లేస్తుంది. ఆ ఎత్తుపల్లాలే మన డేటా.

ఇక్కణ్ణుంచి మన పని మొదలు. నార మధ్యలో ఒక గీత గీసి, ఆ గీత మీది ఎత్తులకు ఎఫ్ఎఫ్‌టీ చేస్తే ఒక శిఖరం వస్తుంది. పైథాన్‌లో పది లైన్లు. కాలేజీ కుర్రాడు కూడా చేస్తాడు, తప్పుగా :) ఎందుకంటే, రెండు మైక్రాన్ల బొమ్మ తీశారనుకోండి. అందులో 67 చొప్పున దాదాపు 30 చారలు పడతాయి. ఎఫ్ఎఫ్‌టీలో 30వ గడి అంటే 66.7 నానోమీటర్లు. 31వ గడి అంటే 64.5. 29 అంటే 69. గడికీ గడికీ మధ్య రెండు నానోమీటర్లకు పైనే ఎడం ఉంది. ఇది గమనించకుండా "మా కొలత 66.7" అని దశాంశంతో సహా రాసేవాడు కొలిచింది నారను కాదు, తన గడి వెడల్పును. శిఖరానికి వక్రరేఖ అతికించాలి, లేదా ఇంకా పొడుగు నారను తీసుకోవాలి. పోనీ పది మైక్రాన్లు తీసుకుందామా? అదే 512 పిక్సెళ్ళతో తీస్తే పిక్సెల్ దాదాపు 20 నానోమీటర్లు అవుతుంది, ఒక చారకు మూడున్నర పిక్సెళ్ళు కూడా మిగలవు. నైక్విస్ట్ గారు పాసు మార్కులు వేస్తారు అంతే. పిక్సెళ్ళు కూడా పెంచాలి, పెంచితే స్కాను టైము పెరుగుతుంది, టైము పెరిగితే యంత్రం వేడెక్కి బొమ్మ సాగుతుంది. ఇంకో మాట. ముల్లుకూ ఒక మందం ఉంది కాబట్టి నార వెడల్పు ఎప్పుడూ ఉన్నదానికంటే ఎక్కువే కనిపిస్తుంది. వెడల్పు కావాలంటే అడ్డంగా కాకుండా ఎత్తును నమ్మాలి. చారల ఎడం మాత్రం ముల్లు మందంతో మారదు, అందుకే అందరూ దాన్ని పట్టుకుంటారు.

యంత్రం గొడవలన్నీ సర్దుకున్నాయనుకుందాం. అయినా 67 వస్తుందని గ్యారంటీ లేదు. ఎందుకంటే 67 అనేది తడిగా ఉన్న స్నాయువు లెక్క. ఆరబెడితే అదే 64 దాకా దిగుతుంది. 1942 నాటి వాళ్ళకు వచ్చింది కూడా 64 దగ్గరే, గాలి లేని గదిలో తడి ఎక్కడుంటుంది? ఇక చర్మంలో అయితే నారలోపల అణువులు కాస్త మెలి తిరిగి ఉంటాయి, కాబట్టి తడిగా ఉన్నప్పుడే 65 చుట్టూ ఉంటుంది. ఇప్పుడు మీరు ఒక పాత బొమ్మ అంచు నుంచి పోగు తీసి కొలిస్తే 64 వచ్చిందనుకోండి. పుస్తకంలో 67 ఉంది, మూడు తగ్గింది, బొమ్మ పాడైపోయింది అనాలా? లేక ఎండాకాలం కాబట్టి అనాలా? మేక తోలు కాబట్టి అనాలా? ఏదీ అనలేం. ఆ అంకె వెనక గాలిలో తేమ ఎంత, నార ఎక్కడిది, ఏ యంత్రం, ఎలా క్యాలిబ్రేట్ చేశారు అన్నవి లేకపోతే అది స్కీమా పోయిన డేటాబేసు. వరసలున్నాయి, అర్థం లేదు.

ఇంతకంటే పెద్ద బోల్తా ఇంకొకటుంది. కొల్లాజెన్ పాడవడమంటే 65 మెల్లగా 60 అయ్యి, 55 అయ్యి అలా దిగిపోవడం కాదు. పేర్పు చెదిరిపోతుంది, తాడు మూడు పేటలు విడిపోతాయి, నార జెలటిన్ అవుతుంది. జెలటిన్ అయిన చోట చారలే ఉండవు. చారలు లేని చోట కొలిచేవాడు కొలవడు, పక్కనున్న మంచి నారకు పోతాడు. దాంతో సగటు ఎప్పుడూ 65 దగ్గరే ఉంటుంది! సక్సెస్ అయిన రిక్వెస్టులకే లేటెన్సీ లెక్కేసి, సిస్టమ్ బ్రహ్మాండంగా ఉందని మేనేజరుకు గ్రాఫు చూపించడం లాంటిదే ఇది. మనలో ఎంతమంది ఆ గ్రాఫులు చూడలేదు? ఇక్కడ అడగాల్సింది చారల ఎడం ఎంత అని కాదు. అక్కడక్కడా గుడ్డిగా ఎంచుకున్న వంద నారల్లో ఎన్నింటికి అసలు చారలున్నాయి అని.

ఇదంతా గాలిలో మాట కాదు. ఫ్రాన్స్‌లో షార్త్ర్ అనే ఊరి గ్రంథాలయం 1944లో బాంబు పడి తగలబడింది. వేడికీ, మంటలార్పిన నీళ్ళకూ పార్చ్‌మెంటు పుస్తకాలు నానా రకాలుగా ముడుచుకుపోయాయి. వాటిలో ఒక 13వ శతాబ్దపు పుస్తకాన్ని అక్కడి శాస్త్రవేత్తలు ముక్క కూడా కోయకుండా లేజరు మైక్రోస్కోపుతో చదివారు, 2021లో ప్రచురించారు. చదివారంటే అక్షరాలను కాదు, తోలును. క్రమంగా పేర్చిన కొల్లాజెన్ మీద బలమైన లేజరు స్పందన పడితే దానిలో కొంత సగం తరంగదైర్ఘ్యంతో తిరిగొస్తుంది, 800 నానోమీటర్ల ఎర్రటి వెలుగు పోతే 400 నానోమీటర్ల ఊదా వెలుగు వస్తుంది. జెలటిన్‌కు ఆ గుణం పోతుంది. ఈ పద్ధతికి 67 నానోమీటర్ల చార విడిగా కనపడదు. కానీ పేర్పు ఉందా చెదిరిందా అన్నది పేజీలో ఏ మూల ఎంతో చెప్పగలదు. పుస్తకానికి గీత కూడా పడదు.

ఇప్పుడు మా బృందం స్కానరుకు వద్దాం. 1200 డీపీఐ అంటే ఒక పిక్సెల్ 21 మైక్రాన్లు. అంటే ఒక్క పిక్సెల్ కింద అటూ ఇటూ మూడొందల పైచిలుకు చారలు. బొమ్మ బతికుందా చచ్చిందా అని చెప్పే సమాచారం అంతా ఆ ఒక్క చుక్క రంగు కింద దాక్కుంది. రాముడి కిరీటం, సీత చీర అంచు, హనుమంతుడి తోక వంపు, అన్నీ స్కానులో పక్కాగా వస్తాయి. ఒప్పుకుంటాను. రేపు అసలు బొమ్మ పెళుసై విరిగితే ఆ స్కాను చూసి ఇంకో బొమ్మ గీసుకోవచ్చు. కానీ అసలు బొమ్మ ఎందుకు విరిగింది, పక్కనున్న నలభై బొమ్మల్లో వచ్చే ఏడు ఏది విరుగుతుంది అంటే స్కాను నోరు విప్పదు. ఫోటో తీసిపెట్టుకున్నంత మాత్రాన తాతకు బీపీ చూడటం మానేస్తామా?

మా మిత్రుడొకడు గట్టిగానే అడిగాడు. "కళాకారులకు తిండి లేక ల్యాంపు షేడ్లు చేసుకుంటుంటే నువ్వు నానోమీటర్లంటావేంటి?" న్యాయమైన ప్రశ్న. ఆట కట్టించుకునేవాళ్ళు తగ్గారు, దీపపు గొట్టాలు, గోడ బొమ్మలు అమ్ముకుంటున్నారు, నిజమే. కానీ ఆ ల్యాంపు షేడు కొన్నవాడు బెంగుళూరు వానలకో న్యూజెర్సీ బేస్‌మెంటు చెమ్మకో దాన్ని రెండేళ్ళలో పాడు చేసుకుని "ఈ తోలు సరుకు నిలవదు" అన్నాడంటే నష్టం ఎవరికి? మా బత్తలపల్లె గాలి ఏడాదిలో ఎక్కువ భాగం పొడి. పొడి కొల్లాజెన్ వంద డిగ్రీలకు కూడా పెద్దగా చెక్కు చెదరదు. అదే తడిస్తే 60 దాటగానే ముడుచుకుంటుంది. మా కరువే ఇన్నాళ్ళూ ఆ బొమ్మలకు ఏసీ సర్వర్ రూము లాగా పని చేసింది. ఊరు దాటిన బొమ్మకు ఏం జరుగుతుందో చెప్పగలగడం అమ్మేవాళ్ళకు అవసరం, సోకు కాదు.

బొమ్మలు చేసే ఒక పెద్దాయనను తోలు నానబెట్టే నీళ్ళు ఎంత వేడిగా ఉండాలని అడిగాను. "చెయ్యి పెడితే ఓర్చుకునేంత ఉండాల నాయనా. చెయ్యి ఓర్చుకోలేదంటే తోలు కూడా ఓర్చుకోదు, ముడుచుకుంటాది" అన్నాడు. ఎంత కచ్చితమైన థర్మామీటరో చూడండి. చేతి చర్మమూ కొల్లాజెనే, మేక చర్మమూ కొల్లాజెనే. మనకు నొప్పి పుట్టేది కొల్లాజెన్ చెదిరే వేడికంటే కాస్త ముందే. ఆయనకు 67 గురించి తెలియనక్కర్లేదు. కానీ ఆయన తర్వాతి వాళ్ళు గ్యాసు పొయ్యి మీద, తొందరలో, చెయ్యి పెట్టకుండా నానబెట్టారా లేదా అన్నది ముప్ఫై ఏళ్ళ తర్వాత తెలుసుకోవాలంటే ఒక్కటే దారి. ఆ రోజు తోలు ముక్క ఒకటి మన దగ్గర ఉండాలి.

ఇక్కడే నా ప్రతిపాదన. తోలుబొమ్మకు నగలు, చీర అంచులు రావాలంటే ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొడతారు, వాటిలోంచే వెలుతురు ముత్యాల్లా వస్తుంది. ఒక్కో బొమ్మకు ఎన్నో రంధ్రాలు. ప్రతి రంధ్రం నుంచి ఒక తోలు చుక్క కింద రాలుతుంది, సాయంత్రం చీపురుతో ఊడ్చేస్తారు. ఆ ఊడ్చేసేదే మనక్కావాల్సింది! అదే తోలు, అదే మేక, అదే నీళ్ళు, అదే రోజు. ఒక ఇరవై చుక్కలు కాగితపు కవరులో వేసి, బొమ్మ పేరు, తేదీ, తోలు ఎక్కడిది, ఆ రోజు గాలిలో తేమ ఎంత, ఇవి రాసి పెడితే చాలు. పుస్తకంలోని 67తో పోల్చాల్సిన పని లేదు. బొమ్మకు దాని చుక్కే బేస్‌లైన్. పాతికేళ్ళకు బొమ్మ అంచు నుంచి పోగు తీసి, దాని చుక్కతో పక్కపక్కన పెట్టి, ఒకే యంత్రంలో, ఒకే తేమలో చూస్తారు. చుక్కలో వందకు తొంభై నారలకు చారలుండి బొమ్మలో యాభైకే ఉంటే, ఇక వాదన అక్కర్లేదు. చుక్క కూడా కవరులో ముసలిదవుతుంది కదా అంటారేమో. అవుతుంది. కానీ దీపం వేడి, చేతి చెమట, ప్రయాణం దానికి తగలవు. ఆ తేడానే మనం చూడాలనుకునేది.

పాత బొమ్మలకు చుక్కలు లేవు. వాటికి చవక దారి ఒకటుంది. కంటికి కనపడీ కనపడని పోగును గాజు పలక మీద నీటి బొట్టులో వేసి, మామూలు మైక్రోస్కోపు కింద మెల్లగా వేడి చేస్తూ అది ఎప్పుడు ముడుచుకోవడం మొదలెడుతుందో చూడటం. బాగున్న తోలు 60 దగ్గర కదులుతుంది, పాడైనది ఎంతో ముందే కదులుతుంది. పార్చ్‌మెంటు వాళ్ళు దీన్ని ఏళ్ళుగా వాడుతున్నారు. నానోమీటర్లు కనపడవు గానీ నానోమీటర్లలో జరిగిన నష్టం డిగ్రీల్లో బయటపడుతుంది. ఏ డిగ్రీ కాలేజీలోనైనా చేయించొచ్చు. ముడుచుకున్నవాటిని మాత్రమే ఏఎఫ్ఎం ఉన్న పెద్ద సంస్థకు పంపితే ఖర్చూ తగ్గుతుంది.

ఇదంతా రాసి బృందానికి పంపాను. స్కానింగు ఆపమనలేదు. స్కానరు డబ్బులో పదోవంతు తీసి కవర్లు, రెండు తేమ మీటర్లు, ఒక ఇనప పెట్టె కొనమన్నాను. నిమ్మలకుంటలో చుక్కలు ఏరి పెట్టే వాళ్ళకు ఆ పనికి కూలి కట్టమన్నాను, ఉత్తినే చెయ్యమని అడగొద్దన్నాను. రెండు రోజులు ఎవరూ పలకలేదు. మూడో రోజు ఒకతను జవాబిచ్చాడు: "ఐడియా బాగుంది బాస్. కవర్ల మీద బార్‌కోడా, క్యూఆర్ కోడా?"

పెన్సిలుతో రాయమన్నాను.